ఎవరికి భయపడి?

అమెరికాలో ఎమర్జెన్సీ వార్డు డాక్టరుగా నేను రాసే కేస్‌షీట్లలో కొన్ని వాక్యాలు రోగి కోసం రాసినవి కావు. నా కోసం రాసుకున్నవి. రేపెప్పుడైనా దావా పడితే ‘ఇదిగో, ఆ రోజే చెప్పాను’ అని చూపించుకోవడానికి. నేను రాసే స్కాన్లలోనూ కొన్నింటి సంగతి అంతే. అందరూ చేసేదే కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోలీసు కుక్కల గురించి ఆలోచించడం మొదలుపెట్టాక ఆ సర్దుబాటు కదిలింది.

మొదట నాలో ఉన్నది ఆలోచన కాదు, కోపం. పోలీసు కుక్క కాటు వీధికుక్క కాటులా ఉండదు. నోరంతా పట్టించి కరవాలనీ, దాన్ని నడిపించే పోలీసు, అంటే హ్యాండ్లర్, చెప్పేదాకా వదలకూడదనీ దానికి నేర్పుతారు. నొప్పికి మనిషి గింజుకుంటాడు. అది ఎదురు తిరగడంలా కనిపిస్తుంది. కుక్క ఇంకా బిగిస్తుంది. చర్మం కింద కండా నరమూ నలిగిపోయిన గాయాన్ని కడుగుతుంటే, దావాలంటే వణికితే గానీ వీళ్లు మారరనుకునేవాణ్ణి. ఆ కోపం వెనక, వాళ్లకంటే నేను మెరుగైనవాణ్ణన్న తృప్తి కూడా ఉండేది. గాయం ముందు నిలబడి అలాంటి తృప్తి పొందడం మంచి సంగతి కాదు. కానీ ఉండేది.

దావాలకు భయపడి మారిన మాట నిజమే. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒకప్పుడు దాక్కున్నవాణ్ణి వెతికి పట్టి కరిచేలా కుక్కలకు నేర్పేవారు. 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద కేసులు వరసగా పడ్డాయి. తుక్కు సామాను యార్డులో దాక్కున్న ఒకతన్ని కుక్క కరిచిన కేసులో, నగరం అనుసరించిన ఆ విధానం మీదే విచారణ జరగాలని 1994లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ ఒత్తిడి నడుమ అక్కడి డాగ్ స్క్వాడ్, మనిషి కనిపిస్తే మొరిగి నిలిపే పద్ధతికి మారింది. కాట్లు తగ్గాయి.

అంతరాత్మ మేల్కొని మారితే బాగుండేదని నాలోని గర్వం గొణుగుతుంది. కాటు తప్పించుకున్న మనిషికి ఆ తేడాతో ఏం పని? అక్కడ నా దగ్గర జవాబు లేదు. మంచి ఉద్దేశాల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఇంకెన్ని చేతులు నలిగేవో.

కానీ భయం ఇంకో పని కూడా చేస్తుంది. ఫ్లోరిడాలో ఆల్డో అనే డ్రగ్స్ పసిగట్టే కుక్క కేసు 2013లో సుప్రీంకోర్టుకు వచ్చింది. వీధిలో అది పసిగట్టానన్నప్పుడల్లా ఏం దొరికిందో హ్యాండ్లర్ దగ్గర పూర్తి లెక్క లేదు. అరెస్టుతో ముగిసినవే రాసి పెట్టాడు. అది పెద్ద లోపం కాదనీ, శిక్షణలో నమోదైన ఫలితాలే ఎక్కువ నమ్మదగినవనీ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తీర్పు గురించి చదివినప్పుడు హ్యాండ్లర్ మనసు ఎటు పోతుందో నాకు ఇట్టే అర్థమైంది. శిక్షణ లాగ్‌బుక్కే రేపు సాక్ష్యమైతే, కుక్క తప్పకుండా గెలిచే పరీక్షలే పెట్టాలనిపిస్తుంది. పట్టివేతల్లో కాట్లు ఎన్నో శాతం కడితే, కుక్క ఊరికే పక్కన నిలబడ్డ అరెస్టు కూడా లెక్కలోకి ఎక్కించాలనిపిస్తుంది. అందరూ అలాగే చేస్తారని అనను. నాకైతే అనిపించేది.

ఇంతకీ హ్యాండ్లర్ దేనికి భయపడతాడు? డబ్బుకైతే కాదు. పోలీసుల మీద దావాల్లో చెల్లించిన పరిహారంలో 99.98 శాతం ప్రభుత్వాల ఖజానా నుంచే వచ్చిందని లా ప్రొఫెసర్ జొవానా ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. పైగా చట్టపరమైన రక్షణ ఒకటుంది: అలాంటి పని తప్పని పాత తీర్పేదీ స్పష్టంగా చెప్పకుంటే అధికారి మీద దావా నిలవదు. నాష్‌విల్‌లో చేతులెత్తి కూర్చున్న మనిషి మీదికి కుక్కను వదిలారన్న కేసులో, పడుకుని లొంగిపోయినవాడి గురించిన పాత తీర్పు కూర్చున్నవాడికి సరిపోలదని ఆరో సర్క్యూట్ కోర్టు ఆ అధికారులను దావా నుంచి తప్పించింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని విచారణకే తీసుకోలేదు. అంత రక్షణ ఉన్నా మిగిలే భయం దేని గురించి? నలుగురి ముందు నిలబెట్టి ప్రశ్నిస్తారని, కుక్కను సరిగా పెంచలేదంటారని.

అది నాకు బాగా తెలిసిన భయం. నా తరఫునా బీమా కంపెనీయే కడుతుంది. అయినా రాత్రిళ్లు నేను ఊహించుకునేది చెక్కును కాదు, వకీలు నా వాక్యాన్ని నాకే చదివి వినిపించడాన్ని.

మా ఆసుపత్రుల్లో ఒక సమావేశం ఉంటుంది. చనిపోయిన రోగుల గురించి, చికిత్స చెడిన కేసుల గురించి డాక్టర్లు తలుపులు మూసుకుని మాట్లాడుకుంటారు. అక్కడి మాటలు దావాల్లో బయటికి లాగకుండా సాధారణంగా రాష్ట్ర చట్టాలు కాపాడతాయి. పోలీసు లాగ్‌బుక్కును మాత్రం ఎదుటి వకీలు కోర్టు ద్వారా తెప్పించుకోగలడు. వాళ్లకూ అలాంటి గది ఉంటే నిజాలు రాసేవాళ్లేమో అని ఒకప్పుడు వాదించబోయాను. వెంటనే 1963 నాటి బర్మింగ్‌హామ్ గుర్తొచ్చింది. నల్లజాతి పిల్లల మీదికి అక్కడి పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పిన ఆ దృశ్యాలను ఫొటోలు లోకానికి చూపాయి. తలుపు మూసుంటే వాళ్లకు ఏం జరిగేది?

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. వకీలెవరూ లేని ఆ గదిలోనూ నేను మాటలు తగ్గించే మాట్లాడతాను. ‘ఆలస్యమైంది’ అంటాను, ‘నేను ఆలస్యం చేశాను’ అనను. దావా భయమే నా నోరు కట్టేసిందని ఇన్నాళ్లూ అనుకున్నానే, అది లేనిచోట కట్టేస్తున్నదెవరు? తోటి డాక్టర్ల కళ్లలో చిన్నబోకూడదన్న పంతం. కోర్టులు పుట్టకముందు నుంచీ మనిషిలో ఉన్నదే అది.

‘ఈరోజు మూడుసార్లు పిలిచినా కుక్క వదల్లేదు’ అని లాగ్‌బుక్కులో రాసే హ్యాండ్లర్ ఎక్కడో ఉండే ఉంటాడు. ఆ వాక్యానికి అతన్ని శిక్షించకూడదంటాను. మళ్లీ నేర్పి నిగ్గు తేలేదాకా ఆ కుక్కను వీధిలోకి పంపకూడదని కూడా అంటాను. అతని విషయంలో ఇంత స్పష్టంగా చెప్పగలుగుతున్నాను. నా విషయంలో, నా కుర్చీని కొన్నాళ్లు ఖాళీగా ఉంచమంటే ఒప్పుకుంటానా అన్నది ఇంకా తేలలేదు.