పేరు ఎవరి సొత్తు?

ఇటీవల నా పూర్వశిష్యుడొకడు మా నర్సీపట్నమునందలి యొక బెల్లపు వర్తకుని దుకాణము పేరును ఇంటర్నెట్టులో డొమైను పేరుగా కొనియుంచెను. వర్తకుని కుమారుడు ఆన్‌లైనులో అమ్మకము ప్రారంభింపదలచిన దినమున దానిని పదిరెట్ల వెలకు విక్రయింపవచ్చునని యతని యూహ. “ముందడిగినవారికే గదా యిత్తురు! ఇందు తప్పేమి మాస్టారూ?” అని నన్నడిగెను.

అతడు చెప్పినది కొంత నిజమే. డొమైను పేరు ఒక కాలమున ఒక్కరికే చెల్లును. కోరినవాడు దానికి తగినవాడా యని నమోదు చేయువారు సాధారణముగా విచారింపరు. బస్సు కిటికీలోనుండి తువాలు వేసి సీటు పట్టినవానిని మనము నిందింపము. కాని ప్రయాణమే చేయనివాడు తువాలు వేసి, నిలుచున్న బాలింతను వెల యడిగినచో సహింతుమా?

ఈ ప్రశ్న న్యాయస్థానములకును వచ్చినది. 1984లో కల్లం అంజిరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు మందుల సంస్థ డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్. దాని పేరును పోలిన డొమైనును పరులొకరు నమోదు చేసికొనగా, 2001లో ఢిల్లీ హైకోర్టు ఆ వాడుకను నిషేధించెను. 2004లో సత్యం ఇన్ఫోవే వారి ‘సిఫీ’ వివాదమున సుప్రీంకోర్టు, డొమైను పేరు వట్టి చిరునామా గాదనియు, వ్యాపారమునకు గుర్తనియు, ప్రత్యేక చట్టము లేకున్నను, తన సరకును పరుల సరకని నమ్మించి యమ్ముటను నివారించు న్యాయము దీనికిని వర్తించుననియు నిర్ణయించెను.

తెలుగున ‘పేరు’ అను నొక్కమాటకే నామమనియు, కీర్తియనియు రెండర్థములు. అక్షరములు అందరివి, వాని వెంట వచ్చు నమ్మకము మాత్రము కష్టించి సంపాదించినవానిది. దొంగపేరువలన చెడునది వర్తకుడొక్కడే కాదు, నమ్మి కొన్నవాడును.

అట్లయిన పెద్ద సంస్థలదే జయమా? రెడ్డియను వైద్యుడు తన ఆసుపత్రికి తన పేరే పెట్టుకొనిన దోషియా? కాడు. 1999లో ఐకాన్ అను అంతర్జాతీయ సంస్థ యామోదించిన నియమములలో పోలిక యొక్కటే చాలదు. పట్టినవానికి న్యాయమైన హక్కు లేదనియు, దురుద్దేశముతోనే నమోదు చేసి వాడుచున్నాడనియు ఫిర్యాదుదారుడే నిరూపింపవలెను. నిజాయితీపరుని పేరును కపటముతో లాగికొనజూచు ఫిర్యాదును గూడ ఆ నియమములు గర్హించుచున్నవి.

కావున అడుగవలసినది ‘ఎవడు ముందు?’ అనిగాని, ‘ఎవడు గొప్ప?’ అనిగాని కాదు, ‘ఎందులకు పట్టితివి?’ అని. నా శిష్యునికి నేనిచ్చిన యుత్తర మిదియే. అతడు తలవంచుకొని వెడలిపోయెను. ఆ పేరును కొన్నవెలకే వర్తకుని కిచ్చిన దినమున, అతనికిని ఒక పేరు వచ్చును.