కోటగోడలోని కంత

భువనగిరి, దేవరకొండ, పానగల్లు, కోయిలకొండ – మన నల్లగొండ, పాలమూరు సీమలో కోటలకు కొదువ లేదు. చదువరులారా, కోటల పిట్టగోడలలో సన్నని కంతలు విడుచుట మీరెరిగినదే. లోనున్నవాడు అందులోనుండి బాణమో తుపాకియో గురిపెట్టవచ్చును; వెలుపలివానికి వాడు చిక్కడు. అట్టి కంతకే ఇంగ్లీషువారు లూప్‌హోల్ అని పేరు పెట్టిరి. 17వ శతాబ్దమునాటికి ఆ పేరు, ఇచ్చిన మాటనుండియు చట్టమునుండియు జారిపోవు దారికి కూడ వాడుకలోనికి వచ్చెను. ఆండ్రూ మార్వెల్ అను కవి ఆ కాలముననే, మన ఆత్మలలో ఇట్టి కంతలుండుట తగదను భావముతో ఒక జాబు వ్రాసెను.

మనము దీనిని లొసుగు అందుము. లొసుగనగా లోపము, కట్టినవాని పొరపాటన్నమాట. నాకైతే ఇంగ్లీషు మాటయే నిజమునకు దగ్గరగా తోచుచున్నది. ఆ కంత తనంతట పడినది కాదు, లోపలివాడు తన క్షేమము కొరకు విడిచుకొన్నది.

మార్కు సువార్త 7వ అధ్యాయములో మన ప్రభువు దీనినే పట్టుకొనెను. తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను, అనగా దేవార్పితము అని కుమారుడు పలికినయెడల, వారిని పోషించు భారము అతనికి తప్పిపోవును. ఆజ్ఞ చెక్కుచెదరలేదు, ముసలివారు మాత్రము పస్తు. దేవుని పేరుతోనే దేవుని ఆజ్ఞకు కంత పెట్టుట ఎంత నేర్పు!

మన సీమకు వత్తము. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరములు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీ ఎదుట 100 ఎకరములు ఇత్తునని లేచిరి. ఏ చట్టమును ఆయనను బలవంతపెట్టలేదు. పిమ్మట భూపరిమితి చట్టము 1973లో పుట్టి, 1975 జనవరి 1న అమలులోనికి వచ్చెను. మెట్టభూమియైతే నేల తరగతినిబట్టి 35 మొదలు 54 ఎకరముల వరకే ఒక కుటుంబమునకు పరిమితి. 1971 జనవరి 24 తరువాతి బదిలీలు చట్టమును తప్పించుకొనుటకు చేసినవి కావని రుజువు చేయు భారము యజమానిదే. అందుచేత పాత తేదీ వేసిన సాదా బైనామాలు పుట్టెను.

వాటిలో ఒకదాని మీద నా సాక్షి సంతకమున్నది. నేనప్పుడు కొత్తగా చేరిన బడిపంతులును. ఊరి పెద్ద ఒకాయన తన జీతగానికి కొంత చెలక అమ్మినట్లు కాగితము వ్రాయించి, 1969 తేదీ వేయించెను. 1969లో నేనా ఊరి మొగమే ఎరుగను! అందరును చేయుచున్నదే గదా, ఎవరికి నష్టమని నన్ను నేను ఓదార్చుకొంటిని. అననీయ సప్పీరలనుగూర్చి ఆ ఆదివారమే పిల్లలకు పాఠము చెప్పితిని కూడ.

కొన్ని ఏండ్లకు ఆ జీతగాడు నాయొద్దకు వచ్చి, "పంతులూ, నా పేరు మీద భూమి ఉన్నదంటున్నరు, నిజమేనా?" అని అడిగెను.

"కాగితం మీదనే గదా" అంటిని.

అది అబద్ధము కాదు. ఆయన తల ఊపి, గొంగడి భుజాన వేసికొని వెళ్లిపోయెను.

ఆయన ఇప్పుడు లేడు. కుమారుడు మా సంఘములోనే ఉన్నాడు; ఆదివారము నా వెనుక బల్లమీద కూర్చుండును. ఆ సంగతి అతనితో నేనింకను చెప్పలేదు.