ఆ గద్ద ఏది?

జనవరిలో ఒక ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి అమీన్‌పూర్ చెరువు గట్టు మీద ఉన్నాం, నేనూ, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయనా. నేను ఆయన్ని సార్ అంటాను, ఆయన నన్ను నాయనా అంటారు. మా స్నేహమంతా బైనాక్యులర్స్ వల్ల వచ్చిందే. ఫ్లెమింగోలు వచ్చాయేమోనని వెళ్లాం. మంచు విడేదాకా ఆగి, గట్టు పొడుగునా నడిచి, గంటన్నర చూశాం. కూట్‌లు, నీటికాకులు, కొంగలు, ఒక లకుముకి పిట్ట కనిపించాయి. ఫ్లెమింగో ఒక్కటీ లేదు.

సాయంత్రం గండిపేట. 1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసిన జలాశయం. కట్ట తూర్పు వైపు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఎండ సూటిగా కళ్లలోకి కొడుతుంది. ఆ వెలుగులో నీళ్ల మీద, చాలా దూరంలో, ఒక పెద్ద గద్ద. నాలుగైదు సెకన్లు కనిపించి మాయమైంది.

"ఆస్ప్రే!" అన్నాను.

"ఏమో నాయనా, నాకు నల్లగా ఏదో కనబడింది అంతే" అన్నారు సార్.

ఆయన ఫోన్‌లో ఈబర్డ్ తెరిచి 'గుర్తుపట్టని గద్ద, ఒకటి' అని రాసుకున్నారు. నేను ఆస్ప్రే అని రాశాను. అది నా లిస్టులో నూట యాభయ్యో పిట్ట. నూట నలభై తొమ్మిది దగ్గర రెండు నెలలుగా ఆగిపోయి ఉన్నాను మరి.

నన్ను ఎవరూ అడగరు. అరుదైన పిట్ట పేరు రాస్తే ఎవరో ఒక వాలంటీరు ఫోటో ఉందా, వివరాలేంటి అని అడుగుతారు. ఆస్ప్రే చలికాలంలో ఇటు వచ్చేదే. నమ్మదగ్గ అబద్ధానికి సాక్ష్యం అక్కర్లేదు. ఆఫీసులో రన్ చేయని టెస్టుని పాస్ అని మార్క్ చేసినప్పుడు కూడా ఇంతే, మామూలుగా పాసయ్యే టెస్టునే అలా చేస్తాం.

ఒక్క ఎంట్రీతో ఏం పోతుంది? 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకి ఆధారం 30 వేల మందికి పైగా నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. అందులో నా గద్ద ఎంత? లెక్క ప్రకారం ఏమీ కాదు. ఈ వాదనకి నా దగ్గర చాలా రోజులు జవాబు లేదు.

జవాబు పొద్దున కనబడని ఫ్లెమింగోల దగ్గర దొరికింది. లిస్టు పంపే ముందు ఈబర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశారా? అవునంటే, రాయని పిట్ట నాకు కనబడలేదని అర్థం. అంటే నేను రాయని పేర్లు కూడా సమాచారమే.

మన భాట్ట మీమాంసకులు, అద్వైతులు దీన్ని ఒక ప్రమాణంగానే ఒప్పుకున్నారు. అనుపలబ్ధి. నేల మీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? కనబడకపోవడం వల్ల. దానికో షరతు కూడా పెట్టారు. కుండ ఉంటే కనబడేంత వెలుగు ఉండాలి. చీకటి గదిలో కనబడనంత మాత్రాన లేదనకూడదు. మేం మంచు విడేదాకా ఆగింది అందుకే.

వాళ్లు వెలుతురు గురించి చెప్పారు. చూసేవాడి గురించి నేను ఒకటి కలుపుకుంటాను. చూడనిదాన్ని చూశానని రాసేవాడు 'కనబడలేదు' అంటే ఎవరు నమ్మాలి? అబద్ధపు ఆస్ప్రే ఒక వరసని మాత్రమే పాడుచేయలేదు. అమీన్‌పూర్‌లో గంటన్నర నిజాయితీగా చూసి తెచ్చుకున్న 'లేదు'ని కూడా పాడుచేసింది.

ఇంకోటి కూడా జరిగింది. ఇప్పుడు ఆ సాయంత్రం గుర్తు తెచ్చుకుంటే తెల్లటి పొట్ట, కంటి మీదుగా నల్లటి చార స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవి పుస్తకంలో బొమ్మవి. నేను నిజంగా చూసిన ఆ నల్లటి ఆకారం, అప్పటి ఉలికిపాటు, వెతికినా దొరకడం లేదు.

పది రోజుల తర్వాత ఎంట్రీ మార్చాను. 'గుర్తుపట్టని గద్ద, ఒకటి.' లిస్టు మళ్లీ 149. బాధగానే ఉంది, కాదనను. సార్‌కి చెప్తే నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు.

"వచ్చే ఆదివారం గండిపేటకి పొద్దున్నే పోదాం నాయనా, ఎండ వీపు మీదుంటుంది" అన్నారు.