బాహ్యశౌచము – అంతఃశుద్ధి

తెలుగు గృహములందు అక్షరాభ్యాసమునకు ముందే పిల్లలకు అలవడు విద్య శౌచము. వీథినుండి వచ్చినచో కాళ్లు కడుగుకొనవలెను; మడిబట్టను తాకరాదు; ఎంగిలి కలుపరాదు. మా తల్లిగారు చెన్నపట్టణపు ఇరుకు ఇంటిలో సైతము మడిబట్టను కఱ్ఱతో దండెమున కెత్తి ఆరవేయుట మానలేదు. ఈ నియమములను పరిహసించుట మా యుద్దేశము కాదు. అవి మాకు క్రమమును, వినయమును నేర్పినవి. అయితే చేయి కడుగుకొన్నంత మాత్రమున మనస్సు కడిగినట్లగునా? ఈ ప్రశ్న మన యింటికే పరిమితమైనది కాదు. యూదుల, క్రైస్తవుల ధర్మగ్రంథములందును ఇది పలుతావుల వినవచ్చుచున్నది.

మోషే ధర్మశాస్త్రమున గుడారమునకును బలిపీఠమునకును నడుమ ఇత్తడి గంగాళము ఉంచబడెను. యాజకులు అందలి నీటితో చేతులు, కాళ్లు కడుగుకొనక సేవకు పోరాదు. మృతజంతువును తాకినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడు. శవమును తాకినవానికి ఏడు దినముల మైల. మూడవనాడును, ఏడవనాడును ఎఱ్ఱని పెయ్య భస్మము కలిపిన నీరు వానిపై చల్లవలెను. మన పురుడు, మైల నెరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆ మైల పాపము కాదు. తండ్రిని పాతిపెట్టిన కుమారుడు మైలపడును. కాని పాతిపెట్టుట అతని ధర్మము. శవమునకు దూరముగా నుండవలసిన యాజకుడు సైతము, దిక్కులేని శవము దారిలో కనబడినచో, తన శుచిని విడిచి దానిని పాతిపెట్టవలెనని యూద పండితులు విధించిరి. అనగా దయ యెదుట మడి తలవంచవలెనని ఆ మతమే యెరుగును.

ప్రవక్తలు ఈ సంగతినే కఠినముగా చెప్పిరి. రక్తముతో నిండిన చేతులు చాచి చేయు ప్రార్థనను దేవుడు వినడనియు, కడుగుకొనుట యనగా కీడు మాని, తండ్రిలేనివానికి న్యాయము తీర్చి, విధవరాలి పక్షమున నిలుచుటయే యనియు యెషయా బోధించెను.

తాల్మూదున యోమా యను భాగమునందు ఒక ఘోరమైన కథ కలదు. ఇద్దరు యాజకులు బలిపీఠముపై సేవకై పోటీపడి పరుగెత్తగా, ఒకడు రెండవవానిని కత్తితో పొడిచెను. పడిపోయినవాని తండ్రి వచ్చి చూచి, కుమారుడింకను కొట్టుకొనుచునే యున్నాడు గనుక కత్తి మైలపడలేదని పలికెనట! పాత్రల శుచి వారికి ప్రాణహత్యకంటె గొప్పదయ్యెనని ఆ గ్రంథమే దుఃఖించుచున్నది. తమ దోషమును తామే వ్రాసి పెట్టుకొన్న జాతిని మనము గౌరవింపవలెను. ఏసుక్రీస్తు పరిసయ్యులను మందలించుటయు ఆ యింటిలోని వాదమే గాని పరాయివాని నింద కాదు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయమున, శిష్యులు కడుగని చేతులతో భుజించిరని పెద్దలు తప్పుపట్టిరి. ప్రభువు వారిని కొర్బానును గూర్చి అడిగెను. సొమ్మును దేవునికి అర్పితమని చెప్పి, ముసలి తలిదండ్రులకు పెట్టక తప్పించుకొను ఉపాయమది. మనుష్యుని అపవిత్రుని చేయునది నోటిలోనికి పోవునది కాదు, హృదయమునుండి బయలువెడలునదియే యని ఆయన తేల్చి చెప్పెను. పిమ్మట పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట బస చేసెను. మృతజంతువుల తోళ్లతో పనిచేయు ఆ ఇంట నున్నప్పుడే, ఏ మనుష్యుని అపవిత్రుడని యెంచరాదని ఆయనకు తెలియవచ్చెను.

తెలుగునాటను చర్మకారుని గుమ్మముకడ ఇదే పరీక్ష జరిగినది. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరెను. ఆ కాలమున, తోలుపని చేయు మాదిగ కులస్థుడైన ఎఱ్ఱగుంట్ల పేరయ్య క్రైస్తవ మతము నవలంబించెను. అట్టివారిని చేర్చుకొనినచో తాము రామని పై కులములవారు దొరకు తెలిపిరి. ఆయన పేదలనే చేర్చుకొనెను. 1876–78 నాటి కరువులో బకింగుహాము కాలువ పనిలో కొంతభాగము గుత్తకు తీసికొని వారికి కూలి చూపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందిరి. ఆ కాలువయే మన మైలాపూరు ప్రక్కగా నేటికిని సాగుచున్నది.

ఇక మా సంగతి. 2015 డిసెంబరు వరదల పిమ్మట మా వీథి బురదను ఎత్తివేయుటకు పారిశుధ్య కార్మికులు వచ్చిరి. వారిలో ఒక స్త్రీ మా అరుగుకడ నిలిచి, "అయ్యా, కాసిని మంచినీళ్లు ఇప్పించండి" అని తెలుగున అడిగెను. తెలుగు మాట చెవిని పడగానే మా ప్రాణము లేచివచ్చినది. కాని మా చేయి తనంతట తానే అరుగు గూటిలో విడిగా నుంచిన పాత గ్లాసువైపు పోయినది. ఆమె దానిని చూచి, ఏమియు ననక దోసిలి పట్టెను. అంతవరకు మాకు కులభేదము లేదని నమ్మియుంటిమి. మా ఇంటి బురదను కడిగిన చేతులవి. ఆనాడు మైల ఎవరి చేతికి ఉండెనో మాకు తెలిసినది. ఆ గ్లాసు ఇప్పుడు గూటిలో లేదు. అయినను ఆ దోసిలి మరపునకు రాదు.

మనస్సు నిర్మలమైనచో స్నానమేల, మడియేల యని కొందరందురు. అదియును సరికాదు. లోపలి శుద్ధిని ఎవరును చూడజాలరు గనుక, అది తనకు కలదని చెప్పుకొనుట సులభము. మైలను వివరించిన లేవీయకాండమే పందొమ్మిదవ అధ్యాయమున పొరుగువానిని నీవలె ప్రేమించుమని ఆజ్ఞాపించినది. రెండును ఒక్క గ్రంథమందే యున్నవి. కావున నీటిని విడువ నక్కరలేదు. కడిగిన చేయి ఎదుటివానికి అందినదా, వెనుకకు ముడుచుకొన్నదా యని మాత్రము ప్రతిదినము చూచుకొనవలెను.

పరభాషా ప్రాంతమున మన భాషను, ఆచారములను కాపాడుకొనుటకు సంఘములు పెట్టుకొంటిమి, మంచిదే. ఈ పట్టణపు వీథులూడ్చువారిలోను తెలుగు మాటాడువారు పెక్కురున్నారు. మన ఉగాది పంక్తిలో వారికి విస్తరి వేయనంతవరకు, మన అంగణము ఎంత కడిగినను శుభ్రమైనదని చెప్పుటకు మాకు నోరాడదు.