దేవి బొమ్మ గల కాసు

మాతా వైష్ణోదేవి బొమ్మతో 2012వ సంవత్సరమున మన ప్రభుత్వము ముద్రించిన అయిదు, పది రూపాయల నాణెములు అప్పుడప్పుడు మన చేతికి వచ్చుచుండును. మార్కాపురము పలకల గనిలో కూలిచేసిన తల్లికి శనివారము అట్టి కాసు ముట్టినయెడల, ఆదివారము ఆమె దానిని కానుక సంచిలో వేయవచ్చునా? ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. విగ్రహములను విడిచి వచ్చిన మనస్సే దీనిని అడుగును.

పౌలు దినములలో రోమావారి ఆసియా మండలములో, అనగా నేటి టర్కీ దేశపు పడమటి భాగములో, పట్టణములు తమ చిల్లర కంచు నాణెములను తామే కొట్టించుకొనెడివి. ఎఫెసు కాసుపై ఒక ప్రక్క చక్రవర్తి తల. రెండవ ప్రక్క అర్తెమిదేవి ప్రతిమయో, ఆమె దుప్పియో, ఆమె గుడియో యుండెడిది. ఎఫెసు ఆ దేవికి ధర్మకర్తయని అచ్చటి కరణము చెప్పినట్లు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో చదువుచున్నాము. (చెన్నకేశవాలయము ప్రక్కన పెరిగిన మనకు ధర్మకర్త యననెవరో చెప్పనక్కరలేదు.) లూకా అక్కడ వ్రాసిన గ్రీకు మాటయే నీరో కాలపు ఎఫెసు నాణెములపైని కనబడుచున్నది.

ఆ ఊరిలోనే పౌలు తన చేతులతో కష్టపడి తన అవసరములను, తనతోనున్నవారి అవసరములను తీర్చెను. ఆ కష్టమునకు ప్రతిఫలము ఏ కాసులలో పుచ్చుకొనియుండును? వెల యిచ్చినవాడు దేవి బొమ్మ లేని చిల్లరను వెదకి తెచ్చియుండునా? కొరింథీయులకు మొదటి పత్రికను ఎఫెసులోనుండియే వ్రాసెను. విగ్రహము వట్టిదని 8వ అధ్యాయములో చెప్పినవాడే, పరిశుద్ధుల కొరకు ఆదివారమున కొంత సొమ్ము తీసి నిలువచేయుడని 16వ అధ్యాయములో చెప్పెను. ఏ బొమ్మ గల కాసు పనికిరాదో ఒక్క మాటయైనను వ్రాయలేదు.

దేమేత్రి సంగతి వేరు. అతడు తోటి కంసాలులతో మొదట మాటలాడినది తమ పనివలన వచ్చు లాభమును గూర్చి. దేవి ఘనత తరువాత వచ్చెను. బొమ్మయే లేని కాసైనను అట్టివానికి దేవతయే. పేదవానియొద్ద వడ్డీకి వడ్డీ గుంజిన రూపాయి మీద మూడు సింహములు మాత్రమే యుండును. అది సంచిలో పడుటకే నేను ఎక్కువ భయపడుదును.

అయినను ఆ తల్లి మనస్సు ఒప్పనియెడల ఆమెను ఎవరును బలవంతపెట్టరాదు, నవ్వరాదు. బలహీనుల మనస్సాక్షిని నొప్పింపవద్దని ఆ 8వ అధ్యాయమే చెప్పుచున్నది. ఆ కాసుతో అంగడిలో ఉప్పు కొనుక్కొని, వేరొక కాసు తెచ్చుకొననిండు. సంచి పట్టుకొని తిరుగు సంఘపెద్దలు మాత్రము ఎవరి కాసును త్రిప్పి చూడవలదు.