నిజము చెప్పుటకు ఇన్ని మాటలేల?

ధ్యాన భాగములు: మత్తయి 5:33–37, ఎఫెసీయులకు 4:15, యాకోబు 5:12



సంతలో ఎద్దుల బేరము జరుగునప్పుడు మన చెవిని బడు మాటలను ఒకసారి తలంచుకొందము. "నిజము చెప్పాలంటే", "అమ్మతోడు", "దేవుని తోడు", "గుండె మీద చెయ్యి వేసికొని చెప్పుచున్నాను", "కుండ బద్దలు కొట్టినట్టు చెప్పుచున్నాను". ఇన్ని విన్న తరువాత కొనువాడు ఏమి చేయును? ఎద్దు నోరు తెరచి పండ్లు తానే చూచుకొనును. మాట వెంట ఒట్టు వచ్చిన కొలది నమ్మకము పెరుగుటకు బదులు తరుగుచున్నది.

నిజము చెప్పువానికి ఇన్ని మాటలు ఏల కావలసి వచ్చినవి? ఈ ప్రశ్న మన ఊరి సంతది మాత్రమే కాదు. మన దేశమునకు సువార్త తెచ్చిన మిషనరీలలో అనేకుల భాషయు, నేడు మన పిల్లలు బడిలో నేర్చుకొనుచున్న భాషయునైన ఇంగ్లీషులో నిజాయితీని తెలుపు మాటలకు పెద్ద చరిత్ర యున్నది. ఆ చరిత్రను కొంచెము పరిశీలించినయెడల మన నాలుకను గూర్చి మనము నేర్చుకొనదగిన పాఠములు దొరకును.

1. చచ్చిపోయిన ఒక మంచి మాట

వెయ్యి సంవత్సరముల క్రిందట ఇంగ్లీషువారు సత్యమును "సూత్" అనిరి. ఈ మాటయు మన "సత్యము"ను ఒకే మూలమునుండి పుట్టినవని భాషా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సత్ అనగా ఉన్నది. ఉన్నదానిని ఉన్నట్టు చెప్పుటయే సత్యము. ఇంత గొప్ప మాట నేడు ఇంగ్లీషువారి నిత్య సంభాషణలో లేదు.

దానికేమి సంభవించెను? "సూత్‌సేయర్" అనగా మొదట సత్యము పలుకువాడు. తరువాత సోదె చెప్పువారు ఆ పేరు పెట్టుకొనిరి. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో, యెహోషువ 13వ అధ్యాయమున, కూలికి ఆశపడిన బిలామునకే ఈ పేరు ఇయ్యబడినది! "ఫర్‌సూత్" అనగా నిజముగా అని అర్థము. దానిని జనులు ఎగతాళికి వాడి వాడి, చివరకు "ఆహా, నిజమే కాబోలు!" అని వెక్కిరించు మాటగా మార్చిరి. సత్యమునకు శత్రువులు ఆ మాటను చంపలేదు. సత్యము లేకయే దానిని పలికినవారు దానిని అరగదీసిరి. దేవుని పేరును మనము ఒట్టులకు వాడునప్పుడు అట్టి పనియే చేయుచున్నాము గదా!

నేడు సత్యమునకు వాడబడు "ట్రూత్" అను మాట మొదట నమ్మకత్వమను అర్థము గలది. దానికి తోబుట్టువైన "ట్రోత్" అను మాట 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకమందలి వివాహ క్రమములో ఉన్నది. వరుడును వధువును ఒకరికొకరు దానినే ఇచ్చుకొందురు. కాబట్టి సత్యము పెదవులతో చెప్పి ముగించునది కాదు, జీవితకాలమంతయు నిలువబెట్టుకొనవలసినది.

2. భయపడువాడు నిజము చెప్పగలడా?

మనసు విప్పి మాటలాడువానిని ఇంగ్లీషులో "ఫ్రాంక్" అందురు. ఫ్రాంకులనువారు పూర్వము గాల్ దేశమును జయించి యేలిన ఒక జాతి. ఆ దేశమునకు ఫ్రాన్సు అను పేరు వారివలననే వచ్చెను. వారి యేలుబడిలో సంపూర్ణ స్వాతంత్ర్యము వారికే ఉండుటచేత ఫ్రాంక్ అనగా స్వతంత్రుడని అర్థమయ్యెను. చాల కాలమునకు స్వతంత్రుని వలె మాటలాడువాడను అర్థము వచ్చెను.

ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. సత్యము మనలను స్వతంత్రులనుగా చేయునని ప్రభువు సెలవిచ్చెను (యోహాను 8:32). ఈ మాట చరిత్ర మరియొక సంగతి చూపుచున్నది: స్వాతంత్ర్యము లేనివాని నోట నిజము వచ్చుట మిక్కిలి కష్టము. అప్పు పడిన కూలివాడు ఆసామి యెదుట "చిత్తమండి" అనునే గాని, కూలి తక్కువైనదని చెప్పగలడా? తండ్రి కర్ర చూచి వణకు పిల్లవాడు పలక పగిలిన సంగతి దాచకుండునా? ఎదుటివాని అబద్ధమును ఖండించుటకు ముందు, వాడు నిజము చెప్పిన యెడల వానికి మనవలన ఏమి కలుగునో చూచుకొనవలెను. భయము పెట్టువాడు అబద్ధములో పాలివాడే.

3. తెల్లని వస్త్రము

"క్యాండిడ్" అను మరియొక మాట కలదు. దాని లాటిను మూలమునకు తెల్లనిదని అర్థము. రోమా పట్టణములో పదవులు కోరువారు సుద్ద రాచి తెల్లగా చేసిన వస్త్రము ధరించి జనుల యొద్దకు వచ్చెడివారు. ఎన్నికల అభ్యర్థిని ఇంగ్లీషులో "క్యాండిడేట్" అనుటకు ఇదే కారణము. ఓట్లడుగ వచ్చువారి తెల్ల బట్టలు మన ఊళ్లకు క్రొత్త కావు. బట్ట తెలుపు మనస్సు తెలుపునకు సాక్ష్యము కాదని మన పెద్దలకు తెలియును.

విశేషమేమనగా, 18వ శతాబ్దములో క్యాండిడ్ అనగా ఇతరులను దయతో, కీడు తలంచక ఎంచువాడను అర్థము కూడ ఉండెను. రాను రాను ఆ దయ జారిపోయి, ఉన్నమాట ముఖము మీద అనువాడను అర్థము మిగిలెను. ప్రేమ గలిగి సత్యము చెప్పుడని పౌలు ఎఫెసు సంఘమునకు బోధించెను. ఆ జతలో ప్రేమ ఎంత సులువుగా జారిపోవునో ఈ ఒక్క మాటయే చూపుచున్నది.

4. మైనము కథ

"సిన్సియర్" అనగా నిష్కపటమైన అని అర్థము. దీనిని గూర్చి ఒక కథను అనేక బోధకులు ప్రసంగములలో చెప్పుచుందురు. పూర్వము శిల్పులు పగిలిన రాతి బొమ్మలలో మైనము నింపి అమ్మెడివారనియు, నిజాయితీ గలవారు "మైనము లేనిది" అని చెప్పి అమ్మెడివారనియు, లాటిను భాషలోని ఆ రెండు మాటలు కలిసి సిన్సియర్ అయ్యెననియు ఆ కథ. వినుటకు ఎంతో బాగున్నది. ఎండకు మైనము కరగినట్లు శ్రమలలో వేషధారణ కరగునని చెప్పుటకు అనుకూలముగానున్నది. గాని ఆ కథ నిజము కాదు. దానికి ఆధారము లేదని పదముల పుట్టుకను పరిశోధించినవారు త్రోసివేసిరి. లాటిను మాటకు శుభ్రమైనది, కలగలుపు లేనిది అని మాత్రమే అర్థము.

ఇప్పుడు ఒక ప్రశ్న. నిష్కపటత్వమును బోధించుటకు నిజము కాని కథను చెప్పవచ్చునా? "మంచి పాఠమే గదా, వినువారికి మేలే గదా" అని కొందరందురు. మేము అట్లు ఎంచము. తెలియక చెప్పినవాని యందు కపటము లేదు. తెలిసిన తరువాత కూడ ప్రసంగపు అందము కొరకు దానినే చెప్పువాడు, తన పగిలిన బొమ్మలో తానే మైనము నింపుచున్నాడు. దేవుని సత్యమునకు మన అబద్ధపు ఆసరా అవసరము లేదు.

పైగా, ఆ మాట నిజమైన అర్థములోనే మంచి ప్రసంగమున్నది. మొదటి పేతురు పత్రిక 2వ అధ్యాయమున వాక్యము పాలతో పోల్చబడెను గదా. అక్కడ మన బైబిలులో "నిర్మలమైన" అని యున్నచోట 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ సిన్సియర్ అను మాటయే యున్నది. నీళ్లు కలుపని పాలు! గేదెను పెంచు ప్రతి ఇల్లాలికిని ఆ మాట అర్థమగును. పాలలో నీళ్లు కలిపినను తెల్లగానే కనబడును. కలిపినవారికిని దేవునికిని అది తెలియును. త్రాగు పసిబిడ్డ బక్కచిక్కినప్పుడు లోకమునకును తెలియును.

5. పారను పార అనుట

నిర్మొగమాటముగా మాటలాడుటను ఇంగ్లీషువారు "పారను పార అనుట" అందురు. ఈ సామెత వెనుక ఒక గ్రీకు వృత్తాంతమున్నది. అలెగ్జాండరు తండ్రియైన ఫిలిప్పు క్రీస్తు పూర్వము 348లో ఒలింథసు అను పట్టణమును పట్టుకొనెను. లంచము తిని ఆ పట్టణమును అప్పగించినవారిలో లాస్థెనీసు ఒకడు. అతని పక్షమువారు వచ్చి, ఫిలిప్పు మనుష్యులు తమను ద్రోహులనుచున్నారని మొర పెట్టుకొనిరి. అందుకు ఫిలిప్పు, మా మాసిదోనియ వారు మోటువారు, తొట్టిని తొట్టియే అందురని చెప్పెనని ప్లూటార్కు వ్రాసెను.

గమనించితిరా, అక్కడ పార లేదు, తొట్టి యున్నది. 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించిన ఎరాస్మసు అను మహా పండితుడు, ఈ వృత్తాంతమును లాటినులో వ్రాయునప్పుడు తొట్టికి బదులు త్రవ్వు పనిముట్టును పెట్టెను. రెండు గ్రీకు మాటల పోలికవలన పొరబడెనని చాలమంది తలంచుదురు. నికొలాసు యూడలు 1542లో దానిని ఇంగ్లీషులోనికి తెచ్చినప్పుడు అది పార ఆయెను. వస్తువును దాని పేరుతో పిలువుమని చెప్పు సామెతలోనే వస్తువు పేరు మారిపోయెను! మహా పండితునికే ఇట్లు సంభవించెను గనుక, "నేను ఉన్నది ఉన్నట్టు చెప్పువాడను" అని అతిశయపడుటకు మనమెవరము?

ఇంతకంటె లోతైన సంగతి ఒకటి యున్నది. వారిని ద్రోహులనుట సత్యమే. గాని వారికి లంచమిచ్చినది ఎవరు? ఫిలిప్పే. తాను కొనిన ద్రోహమును చూచి అతడు "మావారు ఉన్నమాట అందురు" అనుచున్నాడు. కుండ బద్దలు కొట్టినట్టు ఇతరుల తప్పు చెప్పునప్పుడు, ఆ తప్పులో మన పాలు ఎంత అని అడుగుకొనుచున్నామా? సహోదరుని కంటిలోని నలుసును గూర్చి ప్రభువు చెప్పినది ఇదియే.

6. ఒట్టు పెట్టుకొననివారు

17వ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు అనుచరులైన క్వేకర్లు ఒట్టు పెట్టుకొనుటకు నిరాకరించిరి. వారి న్యాయము సులభమైనది: ఒట్టు వేసినప్పుడు నిజము చెప్పుదుననుట, వేయనప్పుడు చెప్పకపోవచ్చునని ఒప్పుకొనుటయే. ఇందుకై వారు చెరసాలల పాలైరి. మార్గరెట్ ఫెల్ అను స్త్రీ ప్రమాణము చేయనందుకు 1664 నుండి 1668 వరకు చెరలో ఉండెను. చివరకు 1696లో ఒట్టుకు బదులు వారి ధ్రువీకరణను అంగీకరించు చట్టము వచ్చెను. వారి అంగళ్లలో బేరము లేదు, ఒకటే ధర. కొంత కాలమునకు చిన్న బిడ్డను పంపినను మోసము జరుగదను పేరు వారికి కలిగెను.

అన్ని సంఘములును వారి వలె తలంచలేదు. న్యాయాధిపతి కోరినప్పుడు ప్రమాణము చేయవచ్చునని ఇంగ్లండు సంఘపు ముప్పది తొమ్మిదవ నిబంధన చెప్పుచున్నది. పౌలు కూడ కొన్ని తావులలో దేవుని సాక్షిగా పిలిచెను. మన దేశములోను 1969 నాటి ప్రమాణముల చట్టము సాక్షికి రెండు మార్గములను ఇచ్చుచున్నది. ఎవరి మనస్సాక్షిని వారు అనుసరింతురు గాక. గాని ఏ మార్గమైనను, కోర్టు మెట్లు దిగిన తరువాత మన మాట తేలిక కాకూడదు.

మత్తయి 26వ అధ్యాయములో పేతురును చూడుడి. మొదట ఊరక ఎరుగననెను. రెండవసారి ఒట్టు పెట్టెను. మూడవసారి ఒట్టుతోపాటు శాపము చేర్చెను. అబద్ధము పెరిగిన కొలది ఒట్టు పెరిగెను. యోహాను 21వ అధ్యాయములో ప్రభువు మూడుసారులు అడిగినప్పుడు అదే పేతురు ఒక్క ఒట్టును పెట్టలేదు. నా ప్రేమ నీకు తెలియునని మాత్రమే చెప్పెను. ఆయన యెదుట అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

ప్రియులారా, ఈ నెలలో ఒక పని చేయుదము. "నిజము చెప్పాలంటే" అని నోట వచ్చినప్పుడెల్ల ఒక క్షణము ఆగి, ఇంతవరకు చెప్పినది ఏమిటని మనలను మనమే అడుగుకొందము. పాలు కొలుచునప్పుడు, కూలి లెక్క చెప్పునప్పుడు, సంఘపు కానుకల పద్దు వ్రాయునప్పుడు మన అవును అవునుగానే నిలుచును గాక. మన ఇండ్లలో బిడ్డలు భయము లేక నిజము చెప్పుదురు గాక. అప్పుడు ఒట్టు పెట్టుమని మనలను ఎవరును అడుగరు. ప్రభువు అట్టి కృపను మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.