చాటింపునకు మర్యాద

తొగుట వంటి ఊళ్లలో సంగతులు ఒకప్పుడు డప్పు చాటింపువలన తెలిసెడివి. చాటువాడు ఎవరి పక్షమున వచ్చెనో చెప్పి, మాట ముగించి, పైవాడకు సాగిపోవును. నేడు ఆ డప్పు మన ఫోనులోనికి వచ్చెను. వాట్సాప్ గ్రూపు ఒక్కటే 1024 మందిని చేర్చుకొనగలదు.

ఒక తల్లి మిషను కుట్టి బిడ్డలను పోషించుచున్నదనుకొనుడి. అంగడి తెరచు స్తోమతు ఆమెకు లేదు. సంఘపు గ్రూపులో తన పనిని గూర్చి తెలుపుట తప్పా? తప్పు కాదు. అయితే రోగి కొరకైన మనవియు, మరణవార్తయు ఆ గ్రూపులోనికే వచ్చును. ఉదయము పది రవికెల బొమ్మలు, సాయంత్రము పది వచ్చినయెడల జనులు విసిగి ఆ గ్రూపు శబ్దమును ఆపివేయుదురు. అప్పుడు పోవునది ఆమె బేరము మాత్రమే కాదు. ఆపదలోనున్న పొరుగువాని పిలుపును ఎవరికిని వినబడదు.

మోసపు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపనిచ్చును. సామెతలు 11వ అధ్యాయము త్రాసును గూర్చి నేర్పునది ఫోనులోని బొమ్మకును వర్తించును. కాని విసిగించుటకు చట్టములో శిక్ష లేదు. అక్కడ మర్యాదయే కావలెను.

కాబట్టి అమ్మువారు ముందుగా అనుమతి అడుగవలెను. తమ సరుకు బొమ్మనే పెట్టి, ధర దాచక, వారమున కొక్కసారి చెప్పి ఊరకుండవలెను. కూలి పుచ్చుకొని పొగడువారు ఆ సంగతి ఒప్పుకొనవలెను. గ్రూపు పెద్దలు ఆ తల్లిని గద్దించి తీసివేయక, వారములో ఒక దినము ఆమెకు ఇయ్యవలెను. బేరము కుదరని దినమునను పొరుగువాడు పొరుగువాడుగానే మిగులవలెను గదా!